వాన పడితే తిరిగే పంపు: బేస్‌మెంట్ మురుగు గుంత గురించి ఒక పాఠకురాలి ప్రశ్న

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన లేఖ రాశారు. రెండేళ్ల కిందట వారు తమ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పడకగది, దానికి ఆనుకుని ఒక బాత్రూమ్ కట్టించుకున్నారు. ఆ పని చేసినవారు ఆమె ఆడపడుచు భర్తకు దగ్గరి స్నేహితుడు. పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ, శని ఆదివారాలూ ఇళ్ల పనులు పట్టుకుంటారు. పై అంతస్తుల మురుగు పైపు బేస్‌మెంట్ గోడలో నడుమెత్తున బయటికి పోతుంది కాబట్టి కింది బాత్రూమ్ నీరు దానంతటది అందులోకి పారే వీలు లేదు; పంపు పెట్టి పైకి ఎత్తవలసిందే. అందుకు ఆయన, ఇల్లు కట్టినప్పుడే బిల్డర్ వదిలిన గుంతలోంచి చిన్న పంపు తీసేసి, పెద్ద మురుగు పంపు దించి, కమోడ్, షవర్, వాష్‌బేసిన్ పైపులన్నీ ఆ గుంతలోకే కలిపారు. ‘ఉన్న గుంత ఉండగా ఇంకోటి తవ్వడం దేనికి, మీకు డబ్బు మిగిల్చాను’ అన్నారట. పర్మిట్ తీసుకోలేదు.

మొదటి నెల నుంచే గదిలో వాసన మొదలైంది. ఆయన వచ్చి మూత చుట్టూ సిలికాన్ పూసి, మూత మీదున్న పొట్టి పైపుకు గాలి లోపలికి తీసుకునే చిన్న తెల్లటి వాల్వ్ ఒకటి బిగించి వెళ్లారు, వాసన తగ్గలేదు. పంపు ఆగిన ప్రతిసారీ పైపులో ధబ్బుమని చప్పుడవుతుంది. వాన రాత్రుల్లో, కింద ఎవరూ లేకపోయినా, పావుగంటకొకసారి పంపు తిరుగుతూనే ఉంటుంది. నిరుడు వేసవిలో పాఠకురాలి తల్లిదండ్రులు భీమవరం నుంచి వచ్చి ఆ గదిలో ఉన్నప్పుడు ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది, షవర్ జాలీలోంచి మురుగు పైకి తన్నింది. వీళ్లు దిగి చూసేసరికి తల్లి పాత చీర చింపి, ఆ గుడ్డలతో టార్చిలైటు వెలుగులో నేల తుడుస్తున్నారు. ‘పడుకునేముందు నేను ఎక్కువ నీళ్లు పోసుకున్నానేమోనే’ అన్నారట. ఇప్పుడు పాఠకురాలికి జూన్‌లో రెండో కాన్పు. తల్లిదండ్రులు ఏప్రిల్ నెలాఖరుకు వస్తున్నారు. ‘మేం హాల్లో సోఫా మీద పడుకుంటాం, కింది గది మాకొద్దు’ అని తల్లి ఫోన్‌లో చెబుతున్నారు. వేరొక ప్లంబర్ వచ్చి చూసి, అంతా పగలగొట్టి మళ్లీ చేయాలనీ, 14,000 డాలర్లు అవుతుందనీ అన్నారు. భర్త మాత్రం, పర్మిట్ సంగతి బయటపడితే లేనిపోని తలనొప్పి, చెల్లెలి ఇంట్లో మాటొస్తుంది, పైపులో నీరు వెనక్కి రాకుండా అడ్డుకునే మంచి చెక్ వాల్వ్ ఒకటి వేయిస్తే సరిపోతుంది అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఏం చేయాలి అని ఆమె అడుగుతూ గుంత, మూత, పైపుల ఫొటోలు జతచేశారు.

అమ్మా, ముందుగా మీ తల్లిగారి సందేహం తీర్చవలసి ఉంది, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. ఆ రాత్రి మురుగు పైకి రావడానికీ ఆవిడ స్నానానికీ ఏ సంబంధమూ లేదు. మూత తీసి తీసిన ఫొటోలో, గుంత పక్క గోడలోంచి లోపలికి వస్తున్న నల్లటి ముడతల పైపు కనిపిస్తోంది. అది బాత్రూమ్ పైపు కాదు. పునాది చుట్టూ కంకరలో పరిచి, భూగర్భంలోని వాన నీటిని లాగి గుంతలోకి తెచ్చే చిల్లుల పైపు అది. బిల్డర్ ఆ గుంతను కట్టింది ఆ నీటి కోసమే; ఆయన పెట్టిన చిన్న పంపు పని ఆ నీటిని ఇంటి బయటికి తోడెయ్యడం. మీ ఇంట్లో వేరే గుంత గానీ వేరే పంపు గానీ లేదని మీరే రాశారు. అంటే పునాది నీరూ, బాత్రూమ్ మురుగూ రెండేళ్లుగా ఒకే గుంతలో కలుస్తున్నాయి. కరెంటు పోయినప్పుడు కింద ఎవరూ చుక్క నీరు వాడకపోయినా వాన నీరు గుంతలోకి వస్తూనే ఉంటుంది. 18 అంగుళాల వ్యాసం, 30 అంగుళాల లోతు ఉన్న గుంత నిండుగా పట్టేది సుమారు 33 గ్యాలన్లు. నిమిషానికి రెండు గ్యాలన్ల ఊట వచ్చినా పావుగంట దాటగానే అది నిండిపోతుంది. నిండిన నీరు, అప్పటికే అందులో ఉన్న మురుగును కలుపుకుని, అన్నిటికన్నా కింద ఉన్న నోరు వెతుక్కుంటుంది. బాత్రూమ్‌లో నేలకు సమానంగా ఉండే నోరు షవర్ జాలీయే. మురుగు గుంత విడిగా, చుట్టూ మూసుకుని ఉన్నట్టయితే ఆ రాత్రి కరెంటు తెల్లవారేదాకా రాకపోయినా ఏమీ అయ్యేది కాదు; వాడకం లేనప్పుడు అందులో మట్టం పెరగడానికి కారణమే ఉండదు. ఈ సంగతి మీ అమ్మగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

పంపు విషయంలో మీ కాంట్రాక్టర్ పొరబడ్డారని నేను అనుకోవడం లేదు. ఫొటోలోని లేబుల్‌ను బట్టి చూస్తే అది రెండు అంగుళాల ఘనపదార్థాన్ని దాటించగల మురుగు పంపే. కమోడ్ కలిసే చోట ఉండవలసింది అదే. తప్పు పంపును దించిన చోట జరిగింది. పునాది నీటి గుంత చిల్లులతో, తెరిచిన దారులతో ఉండాలి. నీరు అందులోకి రావడమే దాని ప్రయోజనం. మురుగు గుంతకు, అది వచ్చే పైపూ పోయే పైపూ గాలి పైపూ తప్ప, ఎక్కడా సందు ఉండకూడదు. ఈ రెండు లక్షణాలూ ఒక గుంతకు ఉండడం సాధ్యం కాదు. పైగా మట్టం పెరిగినప్పుడు మురుగు ఆ నల్ల పైపులోకి వెనక్కి పోయి, దాని చిల్లుల్లోంచి పునాది చుట్టూ ఉన్న కంకరలోకి ఇంకుతుంది. మామూలు రోజుల్లో జరిగేది ఇంకొకటి: వాన నీరంతా పురపాలక మురుగు కాలువలోకి పోతోంది. అమెరికాలో చాలా పట్టణాలు దీన్ని స్పష్టంగా నిషేధించాయి, ఎందుకంటే ఒక్కో ఇంటి వాన నీరూ చేరితే శుద్ధి కేంద్రాలు గాలివాన రోజున తట్టుకోలేవు.

వాసన ఎందుకు తగ్గలేదో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. మూత చుట్టూ ఎంత సిలికాన్ పూసినా, గుంతలోని వాయువుకు నల్ల పైపు దారి తెరిచే ఉంది. అక్కడి నుంచి కాంక్రీటు నేలకూ గోడకూ మధ్యనున్న సన్నటి సందులోంచి గదిలోకి వస్తుంది. దానికి తోడు ఆ తెల్లటి వాల్వ్. అది గాలిని లోపలికి రానిస్తుంది గానీ బయటికి పోనివ్వదు. ముక్కుతో పీల్చుకోనిచ్చి వదలనివ్వకపోవడం లాంటిది. పంపు తోడుతున్నప్పుడు గుంతలోకి గాలి రావాలి, నిజమే. కానీ కమోడ్ నీరు వచ్చి పడినప్పుడు అంతే పరిమాణంలో గాలి బయటికి పోవాలి, అది వాల్వ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి మూత సందుల్లోంచీ, పంపు తీగ దూర్చిన రంధ్రంలోంచీ, నల్ల పైపులోంచీ తోసుకుని వస్తుంది. ఒహాయో ప్లంబింగ్ నియమాలకు ఆధారమైన ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్, ఇంజనీరు ప్రత్యేకంగా రూపొందిస్తే తప్ప, మురుగు గుంతకు ఇలాంటి వాల్వ్ పెట్టడాన్ని ఒప్పుకోదు. మురుగు గుంతకు కప్పు పైదాకా వెళ్లే నిజమైన గాలి పైపు ఉండాలి, లేదా పై అంతస్తుల గాలి పైపుల్లో సరైన ఎత్తున అది కలవాలి.

ఇక మీ భర్త చెబుతున్న చెక్ వాల్వ్ మాట. దాన్ని నేను కొట్టిపారేయను. ఆ ధబ్బుమనే శబ్దానికి కారణం అదే. పంపు ఆగగానే పైపులో నిలబడ్డ నీరు వెనక్కి రాబోతుంది, వాల్వ్ తలుపు దాన్ని ఒక్కసారిగా అడ్డుకుంటుంది. నీరు వెనక్కి మళ్లకముందే మూసుకునే స్ప్రింగు రకం వేసి, రెండు వైపులా రబ్బరు కప్లింగులతో బిగించి, పైపు చెక్క దూలాలకు నేరుగా తగలకుండా పట్టీలు వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. అయితే పంపు అదేపనిగా తిరగడానికి చెక్ వాల్వ్ ఒక్కటే కారణమా అన్నది లెక్క వేసి చూద్దాం. 18 అంగుళాల గుంతలో అంగుళం ఎత్తు నీరు అంటే సుమారు 1.1 గ్యాలన్. రెండు అంగుళాల పైపు పది అడుగుల పొడవున పట్టేది 1.7 గ్యాలన్లు. చెక్ వాల్వ్ పూర్తిగా చెడిపోయి ఆ నీరంతా వెనక్కి వచ్చినా గుంతలో మట్టం అంగుళంన్నర మాత్రమే పెరుగుతుంది. నీటి మీద తేలుతూ పంపును నడిపే స్విచ్, అంటే ఫ్లోట్, పంపును ఆపే మట్టానికీ మళ్లీ నడిపించే మట్టానికీ మధ్య మామూలుగా ఆరేడు అంగుళాలైనా ఉంటుంది. కాబట్టి వెనక్కి వచ్చిన ఆ కాస్త నీటికి పంపు మళ్లీ మళ్లీ తిరగదు. ఎవరూ వాడని రాత్రి పావుగంటకొకసారి తిరుగుతోందంటే, ఏడు అంగుళాల లెక్కన చూసినా, గంటకు 30 గ్యాలన్లు ఎక్కడి నుంచో వస్తున్నట్టు. మీరు రాసినదాన్ని బట్టి అది వాన రాత్రుల్లోనే జరుగుతోంది.

అయినా ఫొటోలు చూసి దూరం నుంచి చెప్పిన మాట మీద అన్ని వేల డాలర్ల పని పెట్టుకోవద్దు. దీన్ని తేల్చుకోవడానికి పెద్దగా ఖర్చు లేని పరీక్షలున్నాయి. వాన లేని ఒక రాత్రి ఇంటికి వచ్చే నీటి ప్రధాన వాల్వ్ కట్టేసి, పంపు ఎన్నిసార్లు తిరుగుతుందో గమనించండి. వాన పడుతున్నప్పుడు మళ్లీ అదే చేయండి. వాల్వ్ కట్టేసినా వానలో తిరిగితే వచ్చేది నేల నీరే. కింది కమోడ్ ట్యాంకులో కాస్త రంగు వేసి, నొక్కకుండా అరగంట వదిలి, గిన్నెలోకి రంగు దిగిందేమో చూస్తే కమోడ్ కారుతోందా లేదా అన్నది కూడా తెలుస్తుంది. మూత తీసి చూడవలసి వస్తే ఆ పని మీరు చేయవద్దు. మీరు నిండు నెలలకు దగ్గరవుతున్నారు. ఆ గుంతలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. మొదటిది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది, రెండోది అంటుకుంటుంది. మీ వారైనా సరే పంపు ప్లగ్ తీసి, తలుపులూ కిటికీలూ తెరిచి, చేతులకు గ్లౌజులు వేసుకుని చూడాలి. నిప్పు దగ్గరికి తేకూడదు, పిల్ల ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

పరీక్షల్లో నా అనుమానం నిజమని తేలిందనుకుందాం. మీ ముందు కొన్ని దారులున్నాయి.

మీ భర్త చెప్పినట్టు చెక్ వాల్వ్ మార్చి, మూతకు కొత్త రబ్బరు గాస్కెట్ వేసి, మట్టం పెరిగితే మోగే అలారం ఒకటి పెట్టుకోవడం మొదటి దారి. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, ఎవరితోనూ మాట పడనక్కర లేదు. చప్పుడు తగ్గుతుంది, వాసన కొంత తగ్గవచ్చు. కానీ రెండు నీళ్లూ కలిసే ఉంటాయి. మళ్లీ గాలివానకు కరెంటు పోతే అలారం మోగుతుంది, మీరు లేస్తారు, లేచి చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. పసిబిడ్డ, బాలింత ఉండబోయే ఇంట్లో నేను ఈ దారిని ఎంచుకోను.

రెండోది, ఈ వేసవికి కింది బాత్రూమ్‌ను పక్కన పెట్టడం. మురుగు పంపు తీయించి, గుంతను శుభ్రం చేయించి, బాత్రూమ్ పైపుల నోళ్లు మూయించి, బిల్డర్ పెట్టినటువంటి చిన్న పంపును తిరిగి దించి, ఆ నీటిని మీ ఊరి నియమం ప్రకారం పెరట్లోకో వాన నీటి కాలువలోకో వదలడం. ఇది చవక, త్వరగా అవుతుంది, ఏదీ దాచినట్టు ఉండదు. మీ పెద్దవాళ్లకు పైన ఒక గది ఇచ్చి, మీ పాపను మీ గదిలోకి మార్చుకోవలసి వస్తుంది. ఎలాగూ కాన్పు తర్వాత మీ అమ్మగారు రాత్రిపూట మీకు దగ్గరగా ఉండడమే మంచిది కదా అని కూడా నాకు అనిపిస్తోంది. శాశ్వతమైన పనిని తొందరపడకుండా ఆకురాలు కాలంలో చేయించుకోవచ్చు.

మూడోది, కమోడ్ వెనకాల నేల మీదే పెట్టే, మురుగును నలిపి సన్నటి పైపులో పైకి తోసే చిన్న యంత్రం. కాంక్రీటు పగలగొట్టనక్కర లేదన్నది దీని పెద్ద ఆకర్షణ. ముప్పావు అంగుళమో, అంగుళమో పైపు చాలు. కానీ దీనికి వెనక నుంచి వదిలే ప్రత్యేకమైన కమోడ్ కావాలి, షవర్ నీరు యంత్రంలోకి పారడానికి షవర్ అడుగును గట్టులా ఎత్తు చేయాలి. దీనికీ గాలి పైపు, దీనికీ కరెంటు, దీనికీ పర్మిట్ తప్పవు. పెద్దవాళ్లకు ఆ గట్టు ఎక్కి దిగడం ఇబ్బంది. లోపల బ్లేడ్లకు ఒక గుడ్డపేలిక చుట్టుకుందంటే యంత్రం విప్పవలసిందే.

నాలుగోది ప్లంబర్ చెప్పిన మార్గం: మురుగుకు వేరే గుంత తవ్వి, పాత గుంతను నేల నీటికే వదిలేయడం. ఖర్చుతో కూడుకున్నది, వేసిన టైల్సు కొన్ని పోతాయి, పర్మిట్, తనిఖీలు కలుపుకుంటే కొన్ని వారాలు పడుతుంది. ఏప్రిల్ నెలాఖరుకు అవుతుందని ఎవరైనా చేతిలో చెయ్యి వేసి చెప్పినా నేను నమ్మను. కానీ కింది బాత్రూమ్ మీకు దీర్ఘకాలం కావాలనుకుంటే దారి ఇదే. రెండో దారితో మొదలుపెట్టి దీనికి చేరుకోవడం మీ పరిస్థితికి నప్పుతుందని నా అభిప్రాయం. నిర్ణయం మీ ఇద్దరిదీ.

అయితే 14,000 డాలర్లకు ఆ ప్లంబర్ ఏమేం చేస్తారో కాగితం మీద రాయించుకోండి. మంచి పని ఎలా ఉంటుందో తెలిస్తే ఆ కాగితం చదవడం మీకు తేలికవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొత్త గుంత బాత్రూమ్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పైపులు అడుగుకు పావు అంగుళం వాలుతో రావాలి, కమోడ్ పైపు మూడు అంగుళాలది ఉండాలి. పన్నెండు అడుగుల దూరానికి వాలే మూడు అంగుళాలు తినేస్తుంది, ఆ మేరకు గుంత లోతు పెరుగుతుంది. కోడ్ ప్రకారం గుంత వ్యాసం 18 అంగుళాలకు, లోతు 24 అంగుళాలకు తగ్గకూడదు. లోపల మురుగు మట్టం, వచ్చే పైపు అడుగుభాగానికి రెండు అంగుళాల దిగువనే ఆగేలా ఫ్లోట్‌ను అమర్చాలి. ఫ్లోట్ గోడకు గానీ పంపు తీగకు గానీ తగిలి చిక్కుకుంటే పంపు మొదలే కాదు, లేదా ఆగనే ఆగదు. మూత వేసే ముందు దాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూపించమని అడగండి.

మీ ఇంట్లో నేల నీరు ఎక్కువ కాబట్టి ఇంకో సంగతి ముఖ్యం. ప్లాస్టిక్ గుంతను మట్టిలో పెట్టి చుట్టూ కంకర పోసి వదిలేస్తే, ఖాళీగా ఉన్నప్పుడు చుట్టూ చేరిన నీరు దాన్ని సుమారు 125 కిలోల బలంతో పైకి తోస్తుంది. గుంత ఒక అంగుళం లేచినా దానికి అతికించిన పైపుల అతుకులు విరుగుతాయి, ఆ తర్వాత నేల నీరు మళ్లీ అందులోకే చేరుతుంది, మొదటికొస్తుంది. అడుగున కంకర సమంగా పరిచి, గుంత అంచును పట్టి ఉంచేలా చుట్టూ కాంక్రీటు వేయాలి. చాలా అంచనాల్లో ఈ ఒక్క వాక్యం ఉండదు.

పంపును గుర్రపుశక్తి చూసి కొనకూడదు. ఇళ్లలో సాధారణంగా 4/10 లేదా 1/2 గుర్రపుశక్తి పంపులు వాడతారు. రెండూ సరిపోవచ్చు, రెండూ సరిపోకపోవచ్చు. చూడవలసింది, మీ ఇంట్లో నీరు ఎక్కవలసిన ఎత్తుకు, పైపులో రాపిడికి ఒకటి రెండు అడుగులు కలిపి, ఆ ఎత్తు దగ్గర అది నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందన్నది. రెండు అంగుళాల పైపుకు కోడ్ అడిగేది కనీసం 21 గ్యాలన్లు. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు: అంత నీరు పోతేనే ఆ పైపులో వేగం సెకనుకు రెండు అడుగులు ఉంటుంది, అంతకు తగ్గితే ఘనపదార్థం నిలువు పైపులో పైకి పోకుండా కిందికి జారి పేరుకుంటుంది.

పంపు నుంచి బయలుదేరిన పైపులో, మూతకు దిగువన, చెక్ వాల్వ్‌కు ముందు, సన్నటి రంధ్రం ఒకటి వేయాలి. తయారీదారులు సాధారణంగా 3/16 అంగుళం అడుగుతారు. పంపులో చిక్కుకున్న గాలి దాంట్లోంచి పోతుంది. అది లేకపోతే పంపు మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం కదలదు. పంపు నడిచేటప్పుడు గుంతలో సన్నటి ధార గోడకు కొట్టిన శబ్దం వినిపిస్తే కంగారు పడవద్దు, అది ఆ రంధ్రమే. మూతకు పైన వరుసగా విప్పదీయగలిగే జాయింటు (యూనియన్), చెక్ వాల్వ్, ఆ తర్వాత పూర్తిగా తెరుచుకునే కట్టు వాల్వ్ ఉండాలి. రేపు పంపు పాడైతే ఆ వాల్వ్ కట్టి, యూనియన్ విప్పి, పంపును పైకి లాగుతారు. పైపులోని మురుగు పనివాడి మీద పడదు. మీ ఫొటోలో కట్టు వాల్వూ లేదు, యూనియనూ లేదు. పంపు తీయాలంటే పైపు కోయవలసిందే. అక్కడి నుంచి పైపు మీ ప్రధాన మురుగు పైపులో ఏటవాలు వై (Y) ఆకారపు జాయింటుతో కలవాలి, పై అంతస్తుల నిలువు పైపు అడుగుభాగం నుంచి కనీసం పది అడుగుల దూరంలో.

కరెంటు విషయంలో, పంపుకు విడిగా ఒక సర్క్యూట్, షాక్ తగలకుండా ఆపే జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తీగ పనికిరాదు. అలారాన్ని అదే సర్క్యూట్ మీద పెడితే బ్రేకర్ పడినప్పుడు పంపుతోపాటు అదీ మూగబోతుంది కాబట్టి దాన్ని వేరే సర్క్యూట్ మీద, బ్యాటరీతో సహా పెట్టించండి. పాత గుంతలోకి తిరిగి దించే చిన్న పంపుకు బ్యాటరీ పంపు తోడుగా పెట్టించుకోవడం మీ ఇంటికి ఇంకా అవసరం. కరెంటు లేనప్పుడు ఆగకుండా వచ్చేది వాన నీరే.

ఇక పర్మిట్. తీసుకోకుండా చేస్తే ఏమవుతుందని మీ వారు అడగవచ్చు. నేల కింది పైపులను కాంక్రీటు మూసేముందు చూసే ఏకైక మూడో మనిషి తనిఖీ అధికారి. ఆ తనిఖీ లేకపోవడం వల్లనే మొదటిసారి ఈ పొరపాటు నేల కింద మిగిలిపోయింది. ఇల్లు అమ్మేటప్పుడు ఒహాయోలో తెలిసిన లోపాలను వెల్లడి పత్రంలో రాయాలి, ఇప్పుడు మీకు తెలిసింది. మామూలు ఇంటి బీమా మురుగు వెనక్కి తన్నడం వల్ల జరిగే నష్టాన్ని సాధారణంగా భరించదు. దానికి విడిగా చేర్పు కొనుక్కోవాలి, మీ పాలసీలో ఉందో లేదో చూడండి. పర్మిట్‌కు వెళ్తే వచ్చే ఇబ్బందినీ దాచను: పాత పని కూడా అధికారి కంట పడుతుంది. కింద పడకగది ఉంది కాబట్టి ప్రమాదంలో బయటపడే కిటికీ ఉందా, దాని తెరుచుకునే వైశాల్యం 5.7 చదరపు అడుగులుందా, దాని గట్టు నేల నుంచి 44 అంగుళాలు మించకుండా ఉందా అని అడగవచ్చు. లేకపోతే అదొక అదనపు ఖర్చు. కానీ మీ అమ్మానాన్నలు పడుకునే గదికి ఆ కిటికీ లేదని ఇప్పుడు తెలియడమే నయం. ముందుగా మీ ఊరి భవన విభాగానికి ఫోన్ చేసి, పేరు చెప్పకుండానే, పాత పనిని ఎలా సక్రమం చేసుకోవాలని అడగవచ్చు.

మీ ఆడపడుచు ఇంటి సంగతి. ఆ పని చేసిన స్నేహితుణ్ని పిలిచి తప్పు చేశావనడం కన్నా, నల్ల పైపు ఫొటో, వాన రాత్రి పంపు తిరిగిన లెక్క ముందు పెట్టి, ‘ఈ గుంతలోకి నేల నీరు వస్తోంది, రెండూ వేరు చేయాలని చెబుతున్నారు, మీరేమంటారు’ అని మీ వారే అడిగితే బాగుంటుంది. ఆయన మంచి మనిషైతే కొంత పనిలోనో, కొంత డబ్బులోనో చెయ్యి వేస్తారు. వేయకపోయినా మీరు ఆయన పేరు ఏ కాగితం మీదా రాయనక్కర లేదు; పర్మిట్ కొత్త పనికి, కొత్త ప్లంబర్ పేరు మీద వస్తుంది. ఆయన చేతే మళ్లీ చేయిద్దామని మాత్రం అనుకోవద్దు, చుట్టరికం కోసమైనా సరే. మీ ఊరిలో నమోదైన ప్లంబర్లు ఇద్దరి దగ్గర అంచనాలు తీసుకుని, పైన చెప్పిన వాటిలో ఏవి ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ప్లంబర్ అంకె ఎక్కువా తక్కువా అన్నది అప్పుడే తేలుతుంది.

కొత్త గుంత వచ్చాక వాడకంలో రెండు జాగ్రత్తలు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో తడి వైప్స్ తప్పవు; డబ్బా మీద కమోడ్‌లో వేయవచ్చని రాసి ఉన్నా వాటిని చెత్తబుట్టలోనే వేయించండి, పంపులను ఆపేసేవాటిలో మొదటిది అదే. రెండోది మీ అమ్మగారి కోసం. పసివాళ్లకు నూనె రాసి సున్నిపిండితో నలిచి నీళ్లు పోసేది ఆవిడే అయివుంటారు. ఆ నూనే పిండీ కలిసి గుంత గోడలకూ ఫ్లోట్‌కూ జిడ్డుగా అట్టకడతాయి, ఫ్లోట్ బరువెక్కి లేవడం మానేస్తుంది. నీళ్లు పోయడానికి పై అంతస్తు టబ్బు వాడమనండి, అక్కడి నీరు పంపు ప్రమేయం లేకుండా పోతుంది. ఆవిడ కింద స్నానం చేయడానికి ఏ అభ్యంతరమూ లేదు, ఎన్ని చెంబుల నీళ్లయినా.

పని అయ్యాక చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు ప్లంబర్‌ను రెండు పనులు మీ కళ్ల ముందు చేయమనండి: గుంతలో మంచినీళ్లు పోసి పంపును వరుసగా కొన్నిసార్లు నడిపించడం, ఆ తర్వాత పంపు ప్లగ్ తీసేసి మట్టం పెరగనిచ్చి అలారం మోగుతుందో లేదో వినిపించడం. రెండో పరీక్ష చేస్తున్నప్పుడు పై అంతస్తులో ఒకరు నిలబడి, తలుపులు మూసుకుని ఉన్నా ఆ మోత వినిపిస్తోందో లేదో చెప్పాలి.